రాసింది చదివి వినిపించండి



రైలు గేటు దగ్గర ఆగని మనిషి మన ఊళ్లలో ఉండడు. గేటు పడుతుంది. బస్సు డ్రైవరు ఇంజను ఆపేస్తాడు. స్కూటర్ల వాళ్లు సందు చూసుకుని ముందుకొచ్చి నిలబడతారు. జామకాయల గంప ఎత్తుకుని ఒకావిడ కిటికీల కిందికి వస్తుంది. ఇదంతా మనకు కనిపించేది. కనిపించనిది గేటు గదిలో జరుగుతుంది. అక్కడ ఫోను మోగుతుంది. స్టేషన్ మాస్టరూ గేట్‌మ్యానూ చెరొక అంకె చెప్పుకుంటారు. చెప్పిన అంకెనూ, విన్న అంకెనూ, టైమునూ రిజిస్టరులో రాసుకుంటారు. రైల్వేలో దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. “గేటు వేశావా?” “వేశాను” అన్న నోటిమాట అక్కడ చాలదు. అడిగింది సరిగ్గా వినబడిందనీ, విన్నదే జరిగిందనీ రెండు చోట్లా రాత ఉండాలి. ఆ మాట మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి మరి.

ఈ రోజు నేను మాట్లాడబోయేది సాఫ్ట్‌వేర్ గురించి. అందులోనూ ప్రోగ్రాం రాయకముందు జరగవలసిన పని గురించి. మనకేం కావాలో స్పష్టంగా రాసుకోవడం, రాసింది మనకు నిజంగా కావలసిందేనా అని పరీక్షించుకోవడం. ఐటీ వాళ్ల మాటల్లో మొదటిది రిక్వైర్‌మెంట్ స్పెసిఫికేషన్, రెండోది వాలిడేషన్. ఈ రెండు పనులకూ యాభై ఏళ్లుగా ఎన్నో సాధనాలు పుట్టుకొచ్చాయి. వాటిని ఒక్క రైలు గేటును ఎదురుగా పెట్టుకుని చూద్దాం. 1993లో అమెరికా నావికాదళ పరిశోధనశాలకు చెందిన కాన్‌స్టన్స్ హైట్‌మేయర్, ఆమె సహచరులు ఇలాంటి పద్ధతుల్ని ఒకదానితో ఒకటి పోల్చడానికి అందరికీ కలిపి ఒక లెక్క ఇచ్చారు. ఆ లెక్క కూడా రైలు గేటే.

సరే, మన గేటును ఇకమీదట కంప్యూటరే వేసి ఎత్తుతుందనుకుందాం. గేటు కావలసిన వాళ్లు వచ్చి ఇంజనీరుకు ఒక్క వాక్యం చెప్పారు: “రైలు వస్తున్నప్పుడు గేటు మూసి ఉండాలి.”

వినడానికి ఇందులో లోపమేమీ లేదు. ఇక ఆలోచించండి. వస్తున్నప్పుడు అంటే ఎప్పుడు? రైలు ముందరి స్టేషను వదిలినప్పుడా, కిలోమీటరు దూరంలో ఉన్నప్పుడా? గేటు దిగడానికి కొన్ని సెకన్లు పడుతుంది కదా, ఆ సెకన్లు ఎవరి లెక్కలో? గూడ్సు బండి నెమ్మదిగా వస్తుంది, ఎక్స్‌ప్రెస్ వేగంగా వస్తుంది, రెండింటికీ ఒకటే దూరమా? రైలు గేటుకు అవతల ఆగిపోయి వెనక్కి వస్తే అది వస్తున్నట్టా, పోతున్నట్టా? ఇంకొక్క మాట. గేటును ఒకసారి దించి, ఇక ఎన్నటికీ ఎత్తకుండా వదిలేస్తే ఆ వాక్యానికి లోటు వచ్చిందా? రాలేదు. రైలు వస్తున్నప్పుడు గేటు మూసే ఉంది. ఇంజనీరు చెప్పినట్టే చేశాడు. ఊరు మాత్రం రెండు ముక్కలైంది.

మనుషుల మధ్య మాట్లాడుకునేటప్పుడు ఇలాంటి సందేహాలు రావు. గేట్‌మ్యాన్‌కు ఆ వాక్యం చెబితే మిగతాది తన అనుభవంతో పూరించుకుంటాడు. కంప్యూటరుకు అనుభవం లేదు. మనం రాయనిది దానికి తెలియదు. అందుకే రాసేటప్పుడు దొర్లిన ఖాళీ, ప్రోగ్రాం దాకా, అక్కణ్ణుంచి గేటు దాకా ఖాళీగానే ప్రయాణం చేస్తుంది.

ఆ ఖాళీల్ని పట్టే సాధనాల్లో అన్నిటికన్నా చవకైనది వాక్యాలను అచ్చులో పోయడం. విమానాల ఇంజన్లు తయారుచేసే రోల్స్ రాయిస్ సంస్థలో ఆలిస్టర్ మావిన్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు 2009లో ఒక పద్ధతి ప్రకటించారు. దాని పేరు ఇయర్స్. రాయవలసిన ప్రతి వాక్యాన్నీ ఐదు అచ్చుల్లో ఒకదానిలో పోయమంటుంది ఆ పద్ధతి. ఇంగ్లీషు కోసం చేసిన ఆ ఐదు అచ్చులూ మన తెలుగు క్రియల్లో ఎంత చక్కగా ఇముడుతాయో వినండి. ఎల్లవేళలా ఉండవలసింది: “గేటు ఏ స్థితిలో ఉందో స్టేషన్ మాస్టరుకు ఎల్లప్పుడూ కనబడాలి.” ఒక సంగతి జరగగానే జరగవలసింది: “రైలు పరిధిలోకి రాగానే గంట మోగాలి.” ఒక స్థితి ఉన్నంతసేపు ఉండవలసింది: “రైలు పరిధిలో ఉన్నంతసేపు గేటు మూసి ఉండాలి.” కోరుకోనిది జరిగితే చేయవలసింది: “ఒకవేళ కరెంటు పోతే, సిగ్నల్ ఎర్రగా నిలవాలి.” అన్నిచోట్లా లేని ఏర్పాటు ఉన్నచోట చేయవలసింది: “జంట లైను ఉన్నచోట రెండు లైన్లనూ చూడాలి.”

రాగానే, ఉన్నంతసేపు, ఒకవేళ అయితే, ఉన్నచోట. మన అమ్మమ్మలు రోజూ వాడే మాటలివి. “పాలు పొంగగానే దించు” అనడానికీ “పాలు కాగుతున్నంతసేపు కలుపుతూ ఉండు” అనడానికీ తేడా వంటింట్లో ఎవరికీ నేర్పక్కర్లేదు. “వస్తున్నప్పుడు” అని రాసిన చోట “రాగానే” కావాలా, “ఉన్నంతసేపు” కావాలా అని ఒక్కసారి అడిగితే చాలు, సగం పొగమంచు విడిపోతుంది. “ఒకవేళ” అనే అచ్చు మరీ ముఖ్యం. అన్నీ సవ్యంగా సాగినప్పుడు ఏం కావాలో అందరూ చెబుతారు. అపసవ్యం జరిగినప్పుడు ఏం కావాలో అడిగితే తప్ప చెప్పరు.

మాటల్లోని మెత్తదనాన్ని వెతికి పట్టే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. నాసా వారి గొడార్డ్ కేంద్రంలో 1990లలో ఆర్మ్ అనే సాధనం చేశారు. పత్రాన్ని దానికిస్తే “తగినంత”, “వీలైతే”, “మొదలైనవి” లాంటి అర్థాలిచ్చే జారుడు మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెట్టి చూపేది. ఆ తర్వాత నాసావారి ఏమ్స్ కేంద్రంలో ఫ్రెట్ అనే సాధనం వచ్చింది. కట్టుదిట్టమైన వాక్యంలో రాస్తే దాన్ని తర్కశాస్త్ర సూత్రంగా మార్చి, “నువ్వు రాసినదానికి అర్థం ఇదీ” అని బొమ్మగీసి చూపుతుంది. అది ఉచితంగా దొరుకుతుంది.

వాక్యం తర్వాత పట్టిక. 1970ల చివర్లో అమెరికా నావికాదళానికి ఎ-7 అనే యుద్ధవిమానం ఉండేది. దాని సాఫ్ట్‌వేర్ పనిచేస్తోంది కానీ అది ఏమేం చేయాలో స్పష్టంగా చెప్పే పత్రం లేదు. డేవిడ్ పార్నస్, కాథరిన్ హెనింగర్, వారి సహచరులు కలిసి 1978లో ఆ పత్రాన్ని తయారుచేశారు. పేరాలు రాసే బదులు పట్టికలు వేశారు. ఫలానా షరతులు కలిసినప్పుడు ఫలానా ఫలితం, అంతే. తర్వాత 1990 ప్రాంతంలో కెనడాలోని డార్లింగ్టన్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టరును అత్యవసరంగా ఆపే సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించడానికీ పట్టికలే ఆధారమయ్యాయి.

మన గేటుకు ఒక పట్టిక వేద్దాం. మూడు ప్రశ్నలు చాలు. రైలు పరిధిలో ఉందా? గేటు మూసి ఉందా? పట్టాల మీద ఏదైనా బండి ఇరుక్కుని ఉందా? ఒక్కోదానికి అవును, కాదు అనే రెండు జవాబులు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. ఎనిమిది వరసలు. ఇప్పుడు ఒక్కో వరసా నింపండి. రైలు ఉంది, గేటు తెరిచి ఉంది, పట్టాల మీద ఏదీ లేదు, అయితే గేటు దించాలి. బాగుంది. తర్వాతి వరసకు రండి. రైలు ఉంది, గేటు తెరిచి ఉంది, పట్టాల మీద ట్రాక్టరు ఇరుక్కుంది. ఇప్పుడేం చేయాలి? మొదటి వాక్యం ప్రకారం గేటు దించాలి. దించితే ట్రాక్టరు లోపలే చిక్కుకుంటుంది. ఈ వరస దగ్గర చేయి ఆగుతుంది. ఆగాలి కూడా. ఒక్క వాక్యంగా రాసినప్పుడు కనబడని ట్రాక్టరు పట్టిక వేసేసరికి కళ్లెదుట నిలబడింది.

పట్టిక గొప్పతనం అదే. ప్రతి వరసకూ జవాబుందా అన్నది ఒక పరీక్ష. ఏ వరసకైనా రెండు జవాబులున్నాయా అన్నది రెండో పరీక్ష. ఎనిమిది వరసలైతే మనిషే చూసుకోగలడు. ఇరవై షరతులుంటే పది లక్షలు దాటుతాయి. అక్కడ యంత్రం సాయం కావాలి. హైట్‌మేయర్ బృందం తయారుచేసిన సాధనాలు ఇలాంటి పట్టికల్ని తీసుకుని, జవాబు లేని వరసనూ, రెండు జవాబులున్న వరసనూ వాటంతటవే వెతికి చూపుతాయి.

మన రైల్వే సిగ్నలింగు వాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. ఏ రూటు ఇవ్వాలంటే పట్టాలు మార్చే ఏ పాయింట్లు ఎటు ఉండాలి, ఏ గేటు పడి తాళం ఉండాలి, ఏ లైను ఖాళీగా ఉండాలి అన్నది వాళ్లు కంట్రోల్ టేబుల్‌గానే రాస్తారు. ఇంటర్‌లాకింగు ఉన్న గేటు దగ్గర, గేటు పడి తాళం పడితే తప్ప రైలుకు సిగ్నల్ ఇవ్వడం కుదరదు. ఈ విద్యను దేశమంతటికీ నేర్పే రైల్వే సంస్థ ఇరిసెట్ 1957 నుంచి మన సికింద్రాబాదులోనే ఉంది.

ఇప్పుడు బొమ్మ సంగతి. 1982 చివర్లో డేవిడ్ హరేల్ అనే ఇజ్రాయెల్ గణిత శాస్త్రవేత్త, అక్కడి విమాన తయారీ సంస్థకు సలహాదారుగా వెళ్లడం మొదలుపెట్టాడు. లావి అనే యుద్ధవిమానానికి ఎలక్ట్రానిక్ వ్యవస్థలు తయారవుతున్న రోజులవి. ఇంజనీర్లకు తమ విమానం గురించి తెలియంది లేదు. కానీ ఫలానా స్థితిలో ఫలానా మీట నొక్కితే ఏం జరుగుతుంది అని హరేల్ అడిగితే తేలిగ్గా జవాబు దొరికేది కాదు. లావుపాటి సంపుటాల్లో ఒకచోట ఒకటి, మరోచోట మరొకటి రాసి ఉండేవి. ఆ చిక్కు తీయడానికి ఆయన గుండ్రని మూలల పెట్టెలు, బాణాలతో ఒక బొమ్మ భాష కనిపెట్టాడు. పెట్టె అంటే స్థితి. బాణం అంటే ఒక స్థితి నుంచి మరో స్థితికి మార్పు. పెట్టె లోపల పెట్టెలు ఉండవచ్చు. వాటినే స్టేట్‌చార్టులు అంటారు. ఆ బొమ్మల్ని కంప్యూటరు మీద గీసి, ఆడించి చూసే స్టేట్‌మేట్ అనే సాధనం కూడా వచ్చింది.

హరేల్ తన అనుభవాల్లో చెప్పిన ఒక సంఘటన నాకు చాలా ఇష్టం. ఒకరోజు నల్లబల్ల మీద అలాంటి బొమ్మ గీసి ఉంది. వైమానిక దళం నుంచి ఒక యుద్ధ పైలట్ లోపలికి వచ్చాడు. ఇదేమిటని అడిగాడు. పెట్టెలంటే స్థితులు, బాణాలంటే మార్పులు అని ఎవరో రెండు ముక్కల్లో చెప్పారు. ఆయన ఒకటి రెండు నిమిషాలు బొమ్మను చూసి, ఇక్కడ తప్పుంది, ఈ బాణం అటు కాదు, ఇటు పోవాలి అన్నాడు. ఆయన చెప్పిందే నిజం. ప్రోగ్రాం రాయడం తెలియని మనిషి, ఆ పత్రాలేవీ చదవని మనిషి, రెండు నిమిషాల్లో తప్పు పట్టాడు. ఎలా పట్టాడు? విమానం ఆయనకు తెలుసు. బొమ్మ ఆయనకు చదవడానికి వీలుగా ఉంది. ఈ రెండూ కలిసిన చోటే తప్పు దొరుకుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

బొమ్మ గీశాక యంత్రాన్నే ఒక పని అడగవచ్చు. “ఈ నియమాల ప్రకారం గేటు నడిస్తే, ఎప్పుడైనా, ఏ వరసలో సంఘటనలు జరిగినా, ప్రమాదం వచ్చే దారి ఉందా? వెతికిపెట్టు.” దీన్ని మోడల్ చెకింగ్ అంటారు. ఈ విద్యకు పునాది వేసిన ఎడ్మండ్ క్లార్క్, అలెన్ ఎమర్సన్, జోసెఫ్ సిఫాకిస్ అనే ముగ్గురికి 2007 ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. వెతికే యంత్రానికి విసుగు లేదు. దారి దొరికితే అడుగు అడుగుగా చూపుతుంది.

మన గేటుకు ఇప్పుడు రెండు నియమాలున్నాయనుకోండి. రైలు పరిధిలోకి రాగానే గేటు దించాలి. రైలు వెళ్లిపోగానే గేటు ఎత్తాలి. అక్కడ జంట లైను ఉంది. యంత్రం చూపే దారి ఇలా ఉంటుంది. మొదటి అడుగు, విజయవాడ వైపు వెళ్లే రైలు పరిధిలోకి వచ్చింది, గేటు పడింది. రెండో అడుగు, ఎదుటి లైనులో మరో రైలు కూడా పరిధిలోకి వచ్చింది, గేటు పడే ఉంది. మూడో అడుగు, మొదటి రైలు వెళ్లిపోయింది. నాలుగో అడుగు, రైలు వెళ్లిపోయింది కాబట్టి నియమం ప్రకారం గేటు లేచింది. రెండో రైలు ఇంకా వస్తూనే ఉంది.

నాలుగే నాలుగు అడుగులు. రాసిన నియమం తప్పకుండా నడిచి ప్రమాదం దగ్గరికి చేరుకున్నాం. ఎక్కడుంది లోపం? “రైలు” అన్న ఏకవచనంలో ఉంది. “పరిధిలో ఏ రైలూ లేనప్పుడు మాత్రమే గేటు ఎత్తాలి” అని మార్చాలి. ఒక్క మాట మార్పు. కాగితం మీద అయితే అర నిమిషం పని. గేటు పెట్టాక అయితే ఎంత మూల్యమో చెప్పనక్కర్లేదు.

నాలుగడుగుల దారిని మనమూ ఊహించగలం. ఎక్కువ అడుగులైతే ఊహకు అందదు. లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిన టీఎల్ఏ ప్లస్ అనే భాషను అమెజాన్ ఇంజనీర్లు తమ డేటా నిల్వ సేవల మీద వాడారు. డైనమోడీబీ అనే సేవ రూపకల్పనలో ఒక లోపం బయటపడింది. ఆ లోపం దగ్గరికి చేరే అతి దగ్గరి దారే 35 అడుగులు. మామూలు పరీక్షలూ, అనుభవజ్ఞుల సమీక్షలూ దాన్ని పట్టలేకపోయాయి. ఈ సంగతిని వాళ్లే 2015లో రాసి ప్రకటించారు. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ రేమాన్ అబ్రియాల్ రూపొందించిన బి పద్ధతి ఇంకొక అడుగు ముందుకు వేసింది. రాసిన నియమం నుంచి మొదలుపెట్టి, గణిత నిరూపణలతో మెట్టు మెట్టుగా ప్రోగ్రాం దాకా దిగుతారు. 1998 అక్టోబరులో మొదలైన పారిస్ మెట్రో 14వ లైను డ్రైవరు లేకుండా నడుస్తుంది. దాని భద్రతా సాఫ్ట్‌వేర్ ఆ పద్ధతిలో తయారైనదే.

ఇంతవరకూ విన్నాక ఇవన్నీ గణితం తెలిసిన వాళ్లకేనేమో అని మీరనుకోవచ్చు. కాదు. 2008లో ఆస్లాక్ హెలెసోయ్ మొదలుపెట్టిన కుకుంబర్ అనే సాధనం ఉంది. అందులో మనకేం కావాలో చిన్న చిన్న సన్నివేశాలుగా మామూలు వాక్యాల్లో రాస్తాం. ఇంజనీర్లు ఒక్కో వాక్యాన్నీ ఒక పరీక్షకు ముడివేస్తారు. ఆ వాక్యాల చట్రం పేరు ఘెర్కిన్. ప్రపంచంలోని ఎన్నో భాషల్లో రాయడానికి అందులో వీలుంది. వాటిలో మన తెలుగు కూడా ఉంది. “సన్నివేశం” అని మొదలుపెట్టి, “చెప్పబడినది” అని ముందున్న స్థితినీ, “ఈ పరిస్థితిలో” అని జరిగిన సంగతినీ, “అప్పుడు” అని రావలసిన ఫలితాన్నీ రాయవచ్చు. చెప్పబడినది: రెండు లైన్లలోనూ రైళ్లున్నాయి. ఈ పరిస్థితిలో: ఒక రైలు వెళ్లిపోయింది. అప్పుడు: గేటు మూసే ఉండాలి. ఇది గేట్‌మ్యాన్ చదవగలడు. ప్రోగ్రాం మారిన ప్రతిసారీ కంప్యూటరూ దీన్ని చదివి, నిజమో కాదో పరీక్షించగలదు. తెలుగు వాక్యం ఒకటి యంత్రానికీ మనిషికీ మధ్య ఒప్పందపత్రంగా నిలబడటం మనం గర్వించవలసిన సంగతి. మన కాలేజీల్లో దీన్ని వాడి చూడాలి.

రాయడం ఒక ఎత్తు, రాసింది పై కాగితం నుంచి కింది కాగితానికి చెక్కుచెదరకుండా దిగడం మరో ఎత్తు. 1999 డిసెంబరు 3న నాసావారి మార్స్ పోలార్ ల్యాండర్ అంగారకుడి మీద దిగుతూ మాయమైంది. విచారణ బృందం అన్నిటికన్నా సంభవమైన కారణం ఇదీ అని తేల్చింది. నేలను తాకినట్టు చెప్పడానికి ల్యాండరు మూడు కాళ్లలోనూ సెన్సర్లున్నాయి. ఇంకా పైన ఉండగానే కాళ్లు విచ్చుకుంటాయి. ఆ కుదుపుకు సెన్సర్లు క్షణకాలం తప్పుడు సంకేతం ఇవ్వవచ్చు. 12 మీటర్ల ఎత్తుకు దిగేదాకా ఆ సంకేతాన్ని వాడుకోకూడదని పైస్థాయి పత్రంలో ఉంది. ఆ జాగ్రత్త ఎందుకో, సెన్సర్లు ఎలా మోసం చేయగలవో సాఫ్ట్‌వేర్ బృందానికి చేరిన పత్రంలోకి దిగలేదు. ఎప్పుడో వచ్చిన తప్పుడు సంకేతాన్ని సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుంది. 40 మీటర్ల ఎత్తులో దాన్ని చదివి, నేల తాకామనుకుని ఇంజన్లు ఆపేసి ఉంటుంది.

ఈ జారుడును ఆపడానికే డోర్స్ లాంటి సాధనాలున్నాయి. బ్రిటన్‌లో పుట్టి, చేతులు మారి, ఇప్పుడు ఐబీఎం దగ్గర ఉంది డోర్స్. ప్రతి వాక్యానికీ ఒక నంబరు ఉంటుంది. పై వాక్యం నుంచి కింది వాక్యానికి, అక్కణ్ణుంచి ప్రోగ్రాముకు, పరీక్షకు గొలుసు ఉంటుంది. పై వాక్యం మారితే దానికి కట్టి ఉన్నవన్నీ, మమ్మల్ని కూడా చూడండి అంటాయి. గొలుసు ఉంటే చాలదు, “ఎందుకు” అన్నది కూడా ఆ గొలుసులో దిగాలి. కారణం తెలియని నియమాన్ని కింది మనిషి కాపాడలేడు.

ఇక ఈ సాధనాలన్నీ ఆగిపోయే చోటికి వద్దాం. 1993 సెప్టెంబరు 14న ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన లుఫ్తాన్సా విమానం వార్సాలో దిగింది. వాన, గాలి, తడిసిన రన్‌వే. విమానాన్ని ఆపడానికి రెక్కల మీది పలకలు లేవాలి, ఇంజన్ల ఒత్తిడి వెనక్కి తిరగాలి. ఇవి గాలిలో ఉండగా జరిగితే ప్రళయం. అందుకే విమానం నిజంగా నేల మీదికి వచ్చాకే ఇవి పనిచేయాలని నియమం. నేల మీదికి వచ్చినట్టు సాఫ్ట్‌వేర్‌కు ఎలా తెలియాలి? రెక్కల పలకలు లేవాలంటే రెండు ప్రధాన కాళ్ల మీదా చెరో 6.3 టన్నుల బరువు పడాలి, లేదా చక్రాలు నిర్ణీత వేగంతో తిరగాలి. ఇంజన్ల ఒత్తిడి వెనక్కి తిరగాలంటే రెండు కాళ్లూ అణగాలి. ఆ రోజు పక్కగాలి ఉందనుకుని పైలట్లు విమానాన్ని కొంచెం ఒరిగించి ఒక కాలి మీద దించారు. నీటిపొర మీద చక్రాలు సరిగ్గా తిరగలేదు. రెండో కాలు నేలకు ఆనడానికి 9 సెకన్లు పట్టింది. విమానం రన్‌వే దాటి మట్టి కట్టను ఢీకొంది. ఇద్దరు చనిపోయారు. వాతావరణం, పైలట్ల నిర్ణయాలు కూడా కారణాలే. కానీ సాఫ్ట్‌వేర్ మాత్రం తనకు రాసిచ్చినట్టే, అక్షరం తప్పకుండా పనిచేసింది.

ఇలాంటి పత్రాన్ని ఏ యంత్రానికిచ్చినా వైరుధ్యం లేదనే చెబుతుంది. ఎందుకంటే పత్రంలో వైరుధ్యం లేదు. పత్రానికీ ప్రపంచానికీ మధ్య ఉంది. బ్రిటిష్ సాఫ్ట్‌వేర్ శాస్త్రవేత్త మైకేల్ జాక్సన్ జీవితకాలం ఈ సంగతే చెబుతూ వచ్చాడు. మనకు కావలసింది బయటి ప్రపంచంలో ఉంటుంది. యంత్రానికి కనిపించేవి గుర్తులు మాత్రమే. విమానం దిగడం ప్రపంచంలో జరిగేది, కాలి మీద బరువు దాని గుర్తు. రైలు రావడం ప్రపంచంలో జరిగేది, పట్టాల్లో పారే కరెంటు మారడం దాని గుర్తు. పట్టాలకు తుప్పు పడితే ఆ గుర్తు తప్పవచ్చునని సిగ్నల్ వాళ్లకు తెలుసు. గుర్తు తప్పే సందర్భాలు ఆ పనిలో చేయి తిరిగిన మనిషికి తెలుస్తాయి. అందుకే లావి బొమ్మలో తప్పు పట్టింది పైలట్.

మన నేల మీద జరిగిన ఒక మంచి సంగతి చెబుతాను. రైళ్లు ఢీకొనకుండా కాపాడే కవచ్ వ్యవస్థను మన దేశంలోనే రూపొందించారు. అది ఏమేం చేయాలో లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ పత్రంగా రాసింది. పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలో జరిగాయి. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్ల మీద పరీక్ష మొదలైంది. ఆ అనుభవంతోనూ, బయటి నిపుణుల భద్రతా పరిశీలనతోనూ సరిదిద్దుకున్నాకే 2018-19లో సరఫరాకు సంస్థల్ని ఆమోదించారు. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి చూశారు. ఒకదానిలో రైల్వే మంత్రి, మరోదానిలో రైల్వే బోర్డు అధ్యక్షుడు ఉన్నారు. కవచ్ దానంతటదే బ్రేకు వేసి 380 మీటర్ల దూరంలో ఆపింది. ఆ రోజే మరొకటి కూడా చూపించారు. ఇంజను రైలు గేటుకు దగ్గరపడగానే, డ్రైవరు చేయి పెట్టకుండానే హారన్ మోగింది.

ఆ హారన్ మోగిందంటే, ఎంత దూరంలో, ఎంతసేపు, ఏ గేటుకు అని ముందు ఎవరో ఓపికగా రాశారన్నమాట. రాసినదాన్ని నిజమైన పట్టాల మీద, నిజమైన వానలో, నిజమైన డ్రైవర్ల మధ్య ఏళ్ల తరబడి సరిచూశారన్నమాట. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర బడి బస్సును రైలు ఢీకొన్న ఉదయాన్ని మనం మరిచిపోలేదు. అక్కడ కాపలా ఉన్న గేటే లేదు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తొలగించారు. గేటు అన్న మాట వెనక పిల్లల ప్రాణాలున్నాయని మన ప్రాంతానికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. సాధనాలు కాగితంలోని తప్పును పడతాయి. కాగితానికీ లోకానికీ మధ్య ఉన్న తప్పును మనిషే పట్టాలి. ఆ మనిషి చదవగలిగేటట్టు కాగితం తయారుచేయడమే సాధనాల అసలు పని.

ఇంజనీరింగు చదివే పిల్లలకు ఒక మనవి. టీఎల్ఏ ప్లస్, ఫ్రెట్, కుకుంబర్ అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. మీ ఊరి రైలు గేటునో, బస్టాండునో, రేషను దుకాణాన్నో తీసుకుని ఒక సెలవు రోజు వాటితో రాసి చూడండి. యంత్రం చూపించే మొదటి తప్పును చూశాక మీరు వాక్యం రాసే తీరే మారుతుంది. ఉద్యోగాల్లో ఉన్న ఇంజనీర్లకు మరో మనవి. ప్రోగ్రాం మొదలుపెట్టకముందు ఆ కాగితం పట్టుకుని గేటు గదికి వెళ్లండి. అక్కడి మనిషికి చదివి వినిపించండి. ఆయన “ఇది మాత్రం ఇలా జరగదండీ” అన్న చోట పెన్ను తీయండి. సాఫ్ట్‌వేర్ చేయించుకునే ఆసుపత్రుల వాళ్లకు, బ్యాంకుల వాళ్లకు, పంచాయతీల వాళ్లకు కూడా ఒక మాట. మీరు చెప్పింది ఏమని రాసుకున్నారో చదివి వినిపించమని అడగండి. అది మీ హక్కు.

గేట్‌మ్యానూ స్టేషన్ మాస్టరూ ప్రతి రైలుకూ ఫోనులో ఆ అంకెలు చెప్పుకుంటూనే ఉన్నారు. చెప్పింది రాయాలి, రాసింది తిరిగి వినిపించాలి. సాఫ్ట్‌వేర్ రాసే మనమంతా అదే నియమం పాటిద్దాం.